రింగు చేతిలో నిలవని ఏడాది

నాది పుర్రచేతి వాటం. గరిడేపల్లి పక్కన మా ఊళ్లో దాన్ని ఒక లోపంగానే చూసేవాళ్లు. అన్నం ముందు కూర్చున్నప్పుడు మా నాయన నా ఎడమచేతిని తువ్వాలతో నడుముకు కట్టేవాడు. అలా కట్టించుకునే కుడిచేత్తో తినడం, రాయడం నేర్చుకున్నాను. ఎడమచేతికి మాత్రం చాలా ఏళ్లు ఏ పనీ దొరకలేదు.

దానికి పని దొరికింది సూర్యాపేటలో. ఇంటర్‌కు అక్కడి ఆడపిల్లల హాస్టల్లో చేరాను. హాస్టల్ వెనుక బట్టలు ఆరేసుకునే జాగాలో సాయంత్రం పూట అమ్మాయిలు టెన్నికాయిట్ ఆడేవాళ్లు. మేమంతా రింగాట అనేవాళ్లం. వలకు అటొకరు, ఇటొకరు నిలబడి రబ్బరు రింగును విసురుకోవడమే ఆట. ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే వెంటనే విసరాలి. కింద పడితే అవతలివాళ్లకు పాయింటు. ఇరవై ఒక్క పాయింట్లు ముందుగా ఎవరికొస్తే వాళ్లది గేమ్.

డిగ్రీ చదివే ఒక అక్క మనిషి తక్కువైందని నన్ను పిలిచి నిలబెట్టింది. మొదటి రింగు వచ్చేసరికి నా ఎడమచేయి తనంతట తానే లేచి పట్టేసింది. నేను దొంగతనం దొరికినదానిలా చేయి వెనక్కి దాచుకున్నాను.

"ఎందుకే దాస్తున్నవ్? సక్కగ పట్టినవ్ గద!" అంది అక్క.

"పుర్రచెయ్యి అక్కా."

"పుర్రచెయ్యైతే ఇంకా మంచిది. ఏ దిక్కుకెళ్లి వస్తదో అవతలోళ్లకు సమజ్ గాదు. ఇసురు!"

పదహారేళ్లలో నా ఎడమచేతిని ఒక మనిషి మెచ్చుకోవడం అదే మొదలు. ఆ వారం రోజులూ చీకటి పడి వార్డెన్ అరిచేదాకా ఆడుతూనే ఉన్నాను. రింగు దొరికినా నవ్వేదాన్ని, జారినా నవ్వేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి హాస్టల్లో నన్ను ఓడించేవాళ్లు లేకుండా పోయారు.

తర్వాత బీఎడ్, టీచరుద్యోగం, పెళ్లి, మిర్యాలగూడలో కాపురం. వేములపల్లి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం అదే బస్సులో రావడం. ఏటా చలికాలంలో ఆడ ఉద్యోగులకు జిల్లా ఆటల పోటీలు పెట్టేవాళ్లు. మొదటి ఏడాది ఎవరో బలవంతం చేస్తే పేరిచ్చాను. సింగిల్స్ గెలిచి స్టీలు బేసిన్ పట్టుకొచ్చాను. రెండో ఏడాది నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. మూడో ఏడాది వేడి చల్లారని డబ్బా ఒకటి ఇచ్చారు. మా అత్తమ్మ దాన్ని వాకిట్లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ మూత తీసి చూపించేది.

"మా కోడలు ఆడి గెలుసుకొచ్చింది. పొద్దుగాల రొట్టె పెడితే మాపటిదాక గట్లనే ఉంటది."

అక్కడిదాకా అంతా బాగుంది. ఎక్కడ చెడిందో ఇప్పుడు చెప్పగలను గానీ అప్పుడు తెలియలేదు. మూడుసార్లు గెలిచిన మనిషి నాలుగోసారి ఓడిపోకూడదు కదా అని నేనే అనుకోవడం మొదలుపెట్టాను. బస్సు ఎక్కగానే ఎవరో ఒకరు, "ఏం మేడం, ఈసారి ఏం తెస్తున్నరు?" అని అడిగేవాళ్లు. "ఈసారి మిక్సీ తేవాలె," అనేవాళ్లు ఇంకొకరు. నేను నవ్వుతూ తలూపేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం పోటీలకు ఇంకెన్ని రోజులున్నాయో క్యాలెండర్‌లో లెక్కపెట్టుకునేదాన్ని.

మా ఆయన కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. గీత గీస్తే వెంట్రుక మందం తేడా రాని మనిషి. నా ఆట మీద ఆయనకు నాకన్నా శ్రద్ధ. ఆదివారం పొద్దున్నే మైదానానికి నాతో వచ్చి, తెల్ల కాగితం మీద కోర్టు బొమ్మ కొలతల ప్రకారం గీసి, రింగు నా చేతిలోంచి ఎక్కడెక్కడ జారిందో ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టేవాడు.

"యాడ పోతుందో తెలిస్తే గండి పూడ్సుకోవచ్చు," అనేవాడు.

మొదట్లో ఆ కాగితం మీద మూడో నాలుగో చుక్కలుండేవి. నాలుగో ఏడాది దసరా సెలవులయ్యేసరికి కాగితమంతా తట్టు పోసినట్టు ఎర్రబడింది.

అది మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది. బళ్లో ఆటల పీరియడ్‌లో పదో తరగతి అమ్మాయిలతో ఆడుతున్నాను. చాలా మామూలు రింగు, తాబేలులాగా నింపాదిగా వస్తోంది. చేయి చాచాను. అది వేళ్ల మధ్య నుంచి దూరి వచ్చి నా ముక్కు మీద కొట్టింది. పిల్లలు నవ్వు ఆపుకుంటూ నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వేస్తే అక్కడితో పోయేది. నవ్వలేదు. "మళ్లీ వెయ్యి," అన్నాను గట్టిగా. మళ్లీ జారింది. ఇంకోటి అందుకోబోతే వేలికి తగిలి పక్కకు దొర్లింది. పిల్లలు భయపడి మెల్లగా వేయడం మొదలుపెట్టారు. మెల్లగా వేసినవీ జారాయి.

ఆ ఏడాది పోటీలు సూర్యాపేటలో. నేను ఆట నేర్చుకున్న ఊరు. మొదటి రౌండులో నా ఎదురుగా ఒక దవాఖాన నర్సు నిలబడింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరింది. రింగును ఎలా పట్టుకోవాలో ఆట మొదలయ్యే ముందు నన్నే అడిగింది. చూపించాను. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇరవై ఒకటి కొట్టింది, నేను ఆరు. రెండో గేములో ఎనిమిది. ఆట అయ్యాక పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఏమనుకోకు అక్కా. నాకు అసల్ ఆడరాదు. మనుషులు తక్కువున్నరంటే ఊకె వచ్చిన."

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాను. మా ఆయన ఒడిలో కాగితం అలాగే ఉంది, పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా బడి లెక్కల సారు రింగు వచ్చే కోణం గురించి నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు. పీఈటీ సారు మణికట్టు బిగుసుకుపోయిందన్నాడు. బస్సులో రోజూ కనిపించే కూరగాయల అమ్మ నువ్వుల నూనె రాయమంది. మా అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు నా ఎడమచేతి చుట్టూ మాత్రమే తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది.

"సూడు, ఎంత దిష్టి ఉన్నదో," అంది దగ్గుతూనే.

నేను అన్నీ చేశాను. నూనె రాశాను, సుద్దపొడి రాశాను, చేయి మార్చి కుడిచేత్తో కూడా ఆడాను. ఇంటి వెనుక గోడకు రింగు కొట్టి రోజుకు వంద పట్టాలని పంతం పెట్టుకున్నాను. డెబ్బై దాకా లెక్కపెట్టేసరికి ఒకటి జారేది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఒకరోజు అలా నాలుగుసార్లు మొదలుపెట్టాక గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాను. మా ఆయన కాగితంతో సహా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇగ ఆ బొమ్మ బంద్ చెయ్యండి. నాకు చేతకాదు," అన్నాను.

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టాడు. మర్నాడు చూస్తే మా అత్తమ్మ రింగును నీళ్ల కుండ కింద కుదురుగా పెట్టుకుంది. "సరిగ్గ సరిపోయింది బిడ్డా," అంది. నేను కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. ఇంకెప్పుడూ ఆడనక్కర్లేదు. ఆ చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. ఎవరైనా అడిగితే భుజం నొప్పి అని చెప్పేదాన్ని. భుజం శుభ్రంగా ఉండేది.

బడి తెరిచాక ఒక శనివారం. ఒంటిపూట బడి. పిల్లలు ఇళ్లకు పోయారు, మేం ఆడ టీచర్లం ముగ్గురం వరండాలో బస్సు కోసం చూస్తున్నాం. నేను, హిందీ మేడం, సైన్స్ మేడం. అప్పుడే వాన కురిసి వెలిసింది, ఇంకా సన్నగా తుంపర పడుతోంది. పెద్ద మేడం, అంటే మా హెడ్‌మాస్టరమ్మ, లోపల ఏవో కాగితాలు రాసుకుంటోంది. మా ఆయమ్మ ఆటసామాన్ల గది ఊడుస్తోంది.

ఆయమ్మది మాడుగులపల్లి దిక్కు ఒక తండా. యాభై దాటిన మనిషి, మోచేతి పై దాకా తెల్లటి గాజులు. తండా నుంచి ఎవరైనా వస్తే వాళ్ల భాషలో గలగలా మాట్లాడేది, మాతో తెలుగులో అంతకన్నా గలగలా మాట్లాడేది. బడి మొత్తానికి పెద్ద మేడంకు భయపడనిది ఆమె ఒక్కతే. చీపురు చంకలో పెట్టుకుని, చేతిలో రింగు పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"టీచరమ్మా, గీ సక్రం ఎవలది? ఎలుకలు కొరుకుతున్నయి."

"బడిదే ఆయమ్మా. లోపట పెట్టు."

"దీంతోనేనంట గద మీరు గిన్నెలు గెలుసుకొచ్చింది. ఎట్ల ఆడుతరో సూపియ్యుండ్రి."

"నేనిప్పుడు ఆడుతలేను. గెలుస్తలేను గూడ."

"గెలువుమని ఎవలన్నరు? సూపియ్యుమంటున్న," అని చీపురు గోడకు ఆనించి, ముంగిట్లోకి దిగి ఎదురుగా నిలబడింది.

హిందీ మేడం నన్ను వీపు మీద నెట్టింది. దిగక తప్పలేదు. రింగు తీసుకుని ఆయమ్మ వైపు మెల్లగా విసిరాను. ఆమె చేయి బారుగా ముందుకు చాచింది. రింగు వేళ్లు దాటి, మణికట్టు దాటి, టకటకమని గాజులకు కొట్టుకుంటూ పోయి మోచేతి దగ్గర ఆగింది.

"ఇగో, పట్టిన!"

"అట్ల గాదు ఆయమ్మా. చేత్తో పట్టాలె."

ఆమె తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "చేతికే ఉన్నది గద టీచరమ్మా, ఏడికి పోయింది?"

సైన్స్ మేడం కిసుక్కుమంది. నేను నియమం వివరించబోయాను. వేళ్లతో పట్టాలి, చేయి దూరకూడదు అని. ఆయమ్మ చాలా ఓపికగా విని, "మరి నడుమ బొంద ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగింది.

ముందు హిందీ మేడం నవ్వింది, తర్వాత నాకు లోపలి నుంచి ఎక్కడో ఆగిపోయి ఉన్న నవ్వు తన్నుకొచ్చింది. కడుపు పట్టుకుని తడినేల మీదే కూర్చుండిపోయాను. ఆయమ్మ రింగును గాజుల మీద నుంచి లాగి, "గిప్పుడు నువ్వు పట్టు," అని నా మీదకు విసిరింది. కూర్చున్నచోటే చేయి ఎత్తాను. రింగు నా చేతికి దూరి భుజం దాకా వచ్చింది.

అక్కడితో ఆట కట్టు తెగింది. బావి దగ్గరి చేదతాడు తెచ్చి రెండు చెట్లకు కట్టాం. ఒకవైపు నేను, సైన్స్ మేడం. అటువైపు ఆయమ్మ, హిందీ మేడం. చేత్తో పడితే ఒక పాయింటు, చేయి దూరితే రెండు, అని నియమం ఆయమ్మే పెట్టింది. తాడు కింద నుంచి వేసినా చెల్లుతుందని మధ్యలో ఇంకో నియమం కలిపింది. చీరలు మోకాళ్ల దాకా ఎగదోపుకున్నాం. చెప్పులు ఎక్కడ పడ్డాయో తెలియదు. హిందీ మేడం ప్రతి రింగుకూ "అయ్యో అయ్యో" అంటూ కళ్లు మూసుకుని చేయి చాచేది, రింగు వచ్చి ఆ చేతికే తగులుకునేది.

ఈ కేకలకు పెద్ద మేడం బయటికొచ్చింది. భారీ మనిషి. ఆదివారం చర్చిలో ఆమె పాడుతుంటే మైకు అక్కర్లేదనేవాళ్లు. ఆమెది కోదాడ, మాట ఆ పక్క మాట.

"ఏంటమ్మా ఈ గోల? ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు?"

అందరం బిగుసుకుపోయాం. సరిగ్గా అప్పుడే రింగు దొర్లుకుంటూ వెళ్లి ఆమె కాలికి తగిలి పడిపోయింది. ఆమె దాన్నీ, బురదకాళ్లతో నిలబడ్డ మమ్మల్నీ చూసింది. కళ్లజోడు తీసి జాకెట్టులో దోపుకుంది. కొంగు నడుముకు బిగించింది. వంగి రింగు తీసి శక్తికొద్దీ విసిరింది. అది వరండా పెంకుల మీద పడి, కిందికి దొర్లి ఆమె ముందే పడింది.

"మా కోదాడలో ముందు ఇలాగే వేస్తారు," అంది ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఎవరి పక్క మనుషులు తక్కువ?"

తర్వాత ఎంతసేపు ఆడామో తెలియదు. బస్సు వచ్చిందని కూడా తెలియలేదు. హారన్ రెండుసార్లు మోగింది, మూడోసారి పట్టి వదలకుండా మోగింది. కండక్టర్ మెట్టు మీద నిలబడి అరిచాడు.

"ఓ మేడం! ఎక్కుతరా ఆడుతరా, ఏదో ఒకటి చెప్పుండ్రి!"

"ఇంకో ఐదు పాయింట్లు!" అని అరిచింది పెద్ద మేడం.

డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కండక్టర్ కాసేపు చూసి, ఉండబట్టలేక దిగొచ్చి, నోట్లో విజిల్ పెట్టుకుని తాడు పక్కన నిలబడ్డాడు. రింగు పడ్డప్పుడల్లా ఊదేవాడు. విజిల్ వినగానే బస్సులోవాళ్లు "ఒకటీ!", "రెండూ!" అని లెక్కపెట్టేవాళ్లు. మూట ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయన మొదట, "నాకు మిర్యాలగూడల పని ఉన్నదయ్యా, ఇదేం పరేషాన్," అని గొణిగాడు. రెండు పాయింట్లు అయ్యేసరికి ఆయనే, "అది తాడుకు తాకింది, చెల్లదు, చెల్లదు!" అని కిటికీ చువ్వలు పట్టుకుని అరుస్తున్నాడు. ఐదు పాయింట్లు అన్నవి పదకొండు అయ్యాయి. ఎవరు గెలిచారన్న దాని మీద బస్సులో రెండు జట్లయ్యాయి. మేం ఎక్కాక కూడా వేములపల్లి దాకా ఆ తగాదా తెగలేదు.

నేను చీర కుచ్చిళ్లు పిండుకుంటూ కూర్చున్నాను. హిందీ మేడం నా చెవిలో అంది.

"మేడం, సూసుకున్నరా? మీరు ఒక్కటి గూడ ఇడువలే."

"ఏంది?"

"రింగు. చివరాఖరుకు అన్నీ పట్టిండ్రు. ఎడమచేత్తోటే."

నేను చూసుకోలేదు. అరచేయి తెరిచి చూశాను. బురద తప్ప ఏమీ కనబడలేదు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆయన గడపలో నిలబడి నా అవతారం చూశాడు. "యాడ పడ్డవ్?" అన్నాడు కంగారుగా.

"పడలే. ఆడిన."

ఆయన కళ్లు వెలిగాయి. "గెలిచినవా?"

"తెల్వదు."

"స్కోరెంత?"

"బస్సులోళ్లను అడగండి," అని నీళ్ల గదిలోకి పరుగెత్తాను. లోపల కూడా నాకు నవ్వు ఆగలేదు. చెంబుతో నీళ్లు పోసుకోవడం, నవ్వడం. బయట అత్తమ్మ, "ఏమైందిరా దానికి?" అని అడగడం వినపడుతూనే ఉంది.

చేయి ఆ ఒక్కరోజుతో బాగుపడిందని చెబితే అబద్ధం అవుతుంది. సోమవారం నేను ఆశగా వల కట్టించి, పీఈటీ సారును ఎదురుగా నిలబెట్టి ఆడాను. పది రింగుల్లో ఆరు జారాయి. "మళ్లీ వెయ్యండి సార్," అన్నాను గట్టిగా. అప్పుడు బావి దగ్గర అంట్లు తోముతున్న ఆయమ్మ, చేతుల నిండా బూడిదతో అక్కడి నుంచే కేకేసింది.

"టీచరమ్మా, గా సారుతోని ఆడేటప్పుడు పండ్లు కొరుకుతున్నవ్. మాతోని ఆడితె కొరుకుతలేవ్."

నిజమే, దవడలు నొప్పి పుడుతున్నాయి. పీఈటీ సారుకు దండం పెట్టి పంపించాను. ఆ రోజు నుంచి బడి వదిలాక బస్సు వచ్చేదాకా మా చేదతాడు ఆటే. చేయి దూరితే రెండు పాయింట్ల నియమం అలాగే ఉంచాం. కొన్ని రోజులు అన్నీ దొరికేవి, కొన్ని రోజులు జారేవి. జారినప్పుడు ఆయమ్మ, "ఇయ్యాల సక్రానికి నీ మీద కోపమొచ్చింది," అనేది. అంతే, ఇంకో రింగు వచ్చేది. ఇంట్లో మా అత్తమ్మకు సంతలో మట్టి కుదురు కొనిచ్చి నా రింగు నేను తెచ్చుకున్నాను. అడుగున చెమ్మకు ఒక పక్క పాచి పట్టింది. కడిగితే పోయింది.

చలికాలం దగ్గరపడ్డాక ఒకరోజు పెద్ద మేడం నన్ను తన గదిలోకి పిలిచింది. ఏదో మెమో అనుకున్నాను.

"ఈసారి పోటీలు మా కోదాడలో అటమ్మా. డబుల్స్ ఉంటుందంట. నాతో ఆడతావా?"

ఆమెకు వంగడం రాదు. పరుగు సంగతి దేవుడెరుగు. ఏడాది క్రితమైతే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. "ఆడుదాం మేడం," అన్నాను వెంటనే. నాకు అప్పుడే నవ్వొస్తోంది.

కోదాడ మైదానంలో పొద్దున్నే మా కోసం ఒక సైన్యం ఎదురుచూస్తోంది. పెద్ద మేడం చెల్లెళ్లు నలుగురు, మరదళ్లు, మేనత్త ఒకావిడ, అందరి చేతుల్లో క్యారియర్లు. మా ఆయన కూడా వచ్చాడు. ఈసారి కాగితం తేలేదు, గొడుగు తెచ్చాడు.

"భయపడకే అక్కా, నీ వెనకాల మేమున్నాంగా!" అని ఒక చెల్లెలు.

"వెనకాల ఉంటే సరిపోదే, ముందుకొచ్చి పట్టండి!" అని పెద్ద మేడం.

మా ఇద్దరికీ ఒక చిక్కుండేది. రింగు మధ్యలోకి వస్తే నేను మర్యాదకు "మీదే మేడం!" అనేదాన్ని. ఆమె ప్రేమకొద్దీ "నువ్వే తీసుకోమ్మా!" అనేది. రింగు మా ఇద్దరి మర్యాదల మధ్యా నేల మీద పడేది. మొదటి ఆటలో ఇలా ఏడెనిమిది పోగొట్టుకున్నాక ఆమె విసిగిపోయి, "ఇక్కడ నేను హెడ్‌మాస్టర్ని కాదమ్మాయ్, నన్ను తోసేసి పట్టు!" అంది. తోసేశాను. నిజంగానే తోశాను. ఆమె వెళ్లి చెల్లెళ్ల మీద పడింది. పాయింటు మాత్రం వచ్చింది.

ఆ ఆట గెలిచాం. రెండోదీ గెలిచాం. ఎలా అంటే చెప్పలేను. పెద్ద మేడం రింగును ఒకే తీరుగా, ఆకాశానికి వేసేది. అది ఎప్పుడు దిగుతుందో ఎదుటివాళ్లకు అంతుపట్టేది కాదు. సూర్యుడి వైపు చూసి చూసి వాళ్ల కళ్లు నీళ్లు కారేవి. మిగతావి నా ఎడమచేయి చూసుకుంది. దాని వైపు నేను చూడనే లేదు. నా చూపంతా పక్కన ఆమె ఏం చేస్తుందా అనే.

సెమీఫైనల్లో ఇద్దరు బ్యాంకు అమ్మాయిలు. చురుకైన పిల్లలు. మొదటి గేము వాళ్లది, రెండోది మాది, మూడోదాంట్లో పంతొమ్మిది-ఇరవై. వాళ్లకు ఒక్క పాయింటు చాలు. అటు నుంచి రింగు నెత్తి మీదుగా వచ్చింది. పెద్ద మేడం, "నాదీ!" అని అరిచి, రెండడుగులు వెనక్కి వేసి, చేయి చాచి, అందక తల వంచింది. రింగు నేరుగా వచ్చి ఆమె కొప్పుకు తగులుకుని ఆగిపోయింది. కొప్పులో దోపుకున్న చామంతులు రింగు మధ్యలోంచి బయటికి చూస్తున్నాయి.

"ఏదమ్మా? ఎక్కడ పడింది?" అని ఆమె నేలంతా వెతుకుతోంది.

నేను చెప్పలేకపోయాను. నవ్వు ఆగితే కదా. వేలు చూపిస్తూ వల స్తంభం పట్టుకుని జారిపోయాను. బ్యాంకు అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. అంపైర్‌గా ఉన్న ముసలి సారు జేబులోంచి నియమాల పుస్తకం తీసి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"నేల మీద పడలే గద సార్, పాయింట్ ఎట్ల పోతది?" అని మా ఆయన గొడుగు ఎత్తి అడిగాడు. జీవితంలో ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

"చేత్తో పట్టలేదు గదండీ," అన్నాడు అంపైర్.

"తలతో పట్టుకుంది, అది ఇంకా కష్టం!" అని చెల్లెళ్లు.

పాయింటు వాళ్లకే ఇచ్చారు. మేం ఓడిపోయాం. కిందటేడు ఒక నర్సు చేతిలో ఓడి వారం రోజులు అన్నం సహించని మనిషిని, ఆ రోజు చెల్లెళ్ల క్యారియర్ల చుట్టూ కూర్చుని పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాను. మూడో బహుమతిగా చెరొక ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు ఇచ్చారు.

తర్వాత ఆరేడేళ్లు ఆడాను. తొంభైల్లో ఒకసారి సింగిల్స్ మళ్లీ గెలిచాను, రెండుసార్లు మొదటి రౌండులోనే పోయాను. చేయి కొన్నాళ్లు మాట వినేది, కొన్నాళ్లు వినేది కాదు. విననప్పుడు ఆయమ్మతో ఆడేదాన్ని.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మగ్గులు పట్టుకుని కోదాడ నుంచి వచ్చిన మర్నాడు సోమవారం. పొద్దున ప్రార్థనకు పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. ఎదురుగా మెట్ల మీద పెద్ద మేడం, పక్కన మేమంతా. ప్రతిజ్ఞ మొదలైంది. పిల్లలందరూ కుడిచేతులు ముందుకు చాచారు. పెద్ద మేడం కూడా చాచబోయింది. నిన్నంతా రింగును ఆకాశానికి విసిరిన ఆ చేయి నడుము దాకా లేచి ఆగిపోయింది. ఎడమచేత్తో కుడిమోచేతిని కింద నుంచి ఎత్తి నిలబెట్టుకుంది. అది వణుకుతూ మళ్లీ దిగిపోయింది. మళ్లీ ఎత్తింది. ముఖం మాత్రం పరీక్ష హాల్లో ఉన్నంత గంభీరంగా ఉంది.

నేను చూడకూడదనుకున్నాను. పిల్లల తలల మీదుగా దూరంగా తాటిచెట్ల వైపు చూశాను. ఇంతలో ఆమె పెదవులు కదపకుండా, "నన్ను చూడకు, చూశావంటే చంపుతా," అంది.

చూశాను. ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. ప్రతిజ్ఞ చెప్పిస్తున్న అమ్మాయి మధ్యలో తడబడింది. వరండా చివర ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, గాజులు గలగలమన్నాయి. ముందు పెద్ద మేడం, తర్వాత నేను, ఆ తర్వాత హిందీ మేడం. ఏమైందో తెలియకపోయినా ముందు వరుసలోని ఆరో తరగతి పిల్లలు మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఏడో తరగతి, ఎనిమిది. చాచిన చేతులు అలాగే ఉంచుకుని బడి మొత్తం నవ్వుతోంది.